మూలనున్న పెట్టె



మన మందిరములో మూలనున్న పాత హార్మోనియం పెట్టెను పాత సామానుకు వేసేద్దామని మొన్న పెద్దల కూటములో అనుకున్న సంగతి మీకు తెలుసు. తిత్తి చిరిగింది, రెండు మెట్లు పలకవు, కీబోర్డు ఎలాగూ ఉంది. మేమూ సరే అన్నాము. నలభై ఏళ్లు ఆ పెట్టె వాయించిన తాతగారు అక్కడే కూర్చుని ఉన్నారు. ఆయనను ఒక్క మాటైనా అడగలేదు. ఆ తప్పు మాది.

ఆ వారమే థియేటర్ ఆర్గాన్‌ల గురించి చదివాము. మూకీ సినిమాల కాలములో మన దేశములో తెర దగ్గర కూర్చుని హార్మోనియం, తబలా వాయించేవారు. అమెరికా, ఇంగ్లండులలోని పెద్ద హాళ్లలో ఆ పని ఒక్క మనిషే చేసేవాడు. అతని ముందు గుర్రపు లాడంలా వంగిన బల్ల, వరుసలుగా మెట్లు. గొట్టాలన్నీ గోడల వెనుక గదుల్లో ఉంటాయి. మెట్టు నొక్కితే కరెంటు వెళ్లి గొట్టానికి గాలి వదులుతుంది. ఆ గదుల్లోనే నిజమైన డోళ్లు, తాళాలు, గంటలు, పక్షి కూత, గుర్రపు డెక్కల చప్పుడు కూడా. దీనికి దారి వేసిన రాబర్ట్ హోప్ జోన్స్ అంతకుముందు చర్చి ఆర్గాన్‌లు చేసినవాడే. 1910లో ఆయన వర్లిట్జర్ కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ రెండు వేలకు పైగా చేసింది.

1927లో 'ది జాజ్ సింగర్' వచ్చింది, టాకీలు మొదలయ్యాయి. ఇక ఆర్గాన్‌లతో పనేమిటి? కొన్ని హాళ్లతోపాటే కూలిపోయాయి. కొన్ని చర్చీలకు, ఇళ్లకు చేరాయి.

అట్లాంటా నగరములో 1929లో తెరిచిన ఫాక్స్ థియేటర్ ఆర్గాన్ కూడా అలాగే ఏళ్ల తరబడి మూగబోయింది. 1963లో జో పాటెన్ అనే ఆయన పట్టుబట్టి దాన్ని బాగుచేశాడు. 1970లలో ఆ హాలునే పడగొట్టి టెలిఫోన్ కంపెనీ భవనం కట్టాలని చూస్తే, ఊరి జనం చందాలు ఎత్తి కాపాడుకున్నారు. సినిమాకు ముందు ఆ ఆర్గాన్ వాయిస్తుంటే జనమంతా గొంతు కలిపి పాడే అలవాటు అక్కడ నిలిచింది.

మమ్మల్ని ఆపింది ఇదే. ఆ వాద్యాల లోపలి తోలు కాలం గడిచేకొద్దీ ఎండి పగులుతుంది, మార్చాల్సిందే. తాళం వేసి దాచితే ఎలుకలు, చెమ్మ ఏం పాడుచేశాయో తెలియదు. వాయిస్తేనే లోపం బయటపడుతుంది. అందుకే 1955లో అమెరికాలో ఏర్పడిన థియేటర్ ఆర్గాన్ సొసైటీ వాద్యాలను కాపాడడముతో ఆగక, పిల్లలకు నేర్పిస్తుంది, పోటీలు పెడుతుంది. వాయించే చేతులు లేకపోతే బాగుచేసిన ఆర్గాన్ కూడా ఉత్త కొయ్యే కదా!

మన చిన్న పెట్టెకు ఆ మహా వాద్యాలతో పోలికేముంది? గాలితో పలకడమొక్కటే. అయినా మన పాత పాటల వరుసలు ఏ పుస్తకములోనూ రాసి లేవు, తాతగారి వేళ్లలో ఉన్నాయి. నిన్న ఆయన ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "తిత్తి మార్పించండి, మెట్లు నేను చూసుకుంటాను," అన్నారు.

శనివారం సాయంత్రం మీ పిల్లలను పంపండి. తాతగారు నేర్పుతారు. మేమూ వాళ్ల పక్కనే కూర్చుని నేర్చుకుంటాము.

మీ పాస్టరు కుటుంబము