కంపకు ఇవతల

విలియమ్ గోల్డింగ్ నవల 'లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్' మొదటిసారి ఇంజనీరింగ్ హాస్టల్లో చదివాను. అప్పుడు నాకు అందులో దొరికింది ఒక్క తప్పు. కథలో పిగ్గీ అనే పిల్లవాడిది హ్రస్వదృష్టి. అలాంటివాళ్ళ కళ్ళద్దాల్లో ఉండేది పుటాకార కటకం. అది ఎండను ఒకచోటికి చేర్చదు, చెదరగొడుతుంది. మరి వాటితో దీవిలో నిప్పెలా రాజేశారు? నోబెల్ బహుమతి వచ్చిన రచయిత తప్పు పట్టుకున్నానని రూమ్మేట్లందరికీ చెప్పుకుని తిరిగాను. నవల మాత్రం నన్ను ఏమీ చేయలేదు.

రెండోసారి 2020 ఏప్రిల్‌లో చదివాను. మాది పోచంపల్లి పక్కన ఒక చిన్న ఊరు. లాక్‌డౌన్ అనగానే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని హైదరాబాదు నుంచి ఇంటికి చేరాను. నేను వచ్చిన రెండో రోజున ఊరి పొలిమేరలో రోడ్డుకు అడ్డంగా సర్కారు తుమ్మ కంప పడింది. ఆ రోజుల్లో తెలంగాణలో చాలా ఊళ్ళు అదే పని చేశాయి. రెండు రోజులు ఆలస్యమై ఉంటే నేనూ కంపకు అవతలే ఉండేవాణ్ణి. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.

కంప దగ్గర కాపలాకు పడుచు పిల్లలం ఇరవై మందిమి. ఒక అన్న దగ్గర విజిల్ ఉండేది. విజిల్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ మాట చెల్లేది. ఎవరు ఏ గంటలో నిలబడాలో గూగుల్ షీట్ తయారుచేసింది నేను. పేరు, ఫోన్ నంబరు, టైము, ఏ వైపు రోడ్డు. ఆఫీసులో ఆన్‌కాల్ రోస్టర్ చేసినట్టే చేశాను. అందరూ మెచ్చుకున్నారు. మగ్గాలు ఆగిపోయి, నేసిన చీరలు అమ్ముడుపోక ఇళ్ళలో పేరుకుంటున్న రోజులవి. ఏదో ఒక పని సక్రమంగా నడుస్తోందంటే అందరికీ ధైర్యంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం నా డ్యూటీలోనే ఒక కుటుంబం వచ్చింది. మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు, నెత్తిన మూటలు. ఇటుక బట్టీల నుంచి వస్తున్నారనుకున్నాం. వాళ్ళ భాష మాకు రాదు. విజిల్ ఊదాం, కర్రలు ఊపాం, చుట్టూ పొలాల గట్ల మీదుగా పొమ్మని చేతులతో చూపించాం. ఎవరం కొట్టలేదు, తిట్టలేదు. ఇంతలో దగ్గరింటి పెద్దవ్వ బయటికి వచ్చింది.

"ఎంతమందున్నరు బిడ్డా? తిన్నరా?" అని వాళ్ళనడిగింది. వాళ్ళకు అర్థం కాలేదు. తనే వేలితో లెక్కపెట్టుకుని లోపలికి పోయి నాలుగు విస్తరాకుల్లో అన్నం, ఒక బిందెడు నీళ్ళు తెచ్చి కంప సందులోంచి అవతలికి జరిపింది. మేం వారించబోతే, "నీళ్ళిస్తె గూడ వస్తదా రా మీ కరోన?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "పట్నంల కొలువు జేస్తవు. ఒక్క మాట అడగనన్న అడగకపోతివి."

వాళ్ళు తిని, బిందె అక్కడే బోర్లించి, గట్ల మీదుగానే వెళ్ళారు. మేం కంప తీయలేదు.

ఆ రాత్రే ఫోన్‌లో మళ్ళీ ఆ నవల తెరిచాను. 1954లో వచ్చిన పుస్తకం. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి, తర్వాత పిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి రాసింది. విమానం కూలి, పెద్దవాళ్ళెవరూ లేని దీవిలో మిగిలిన ఇంగ్లీషు పిల్లల కథ. మొదట సభ పెట్టుకుంటారు, శంఖం పట్టుకున్నవాడే మాట్లాడాలని నియమం పెట్టుకుంటారు. చివరికి ఒకళ్ళనొకళ్ళు వేటాడుకుంటారు. నాగరికత పైపూత మాత్రమే, నియమాలు పోతే లోపలి మృగం బయటపడుతుందని ఈ నవల గురించి మామూలుగా చెబుతారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఈసారి అది సరిపోలేదు. మా కంప దగ్గర నియమాలకు కొదవ లేదు. నవలలోనూ అంతే. వేటగాళ్ళయ్యే జాక్ ముఠా మొదట ఎలా కనబడుతుంది? చర్చిలో పాటలు పాడే బృందంగా, నల్లటి అంగీలతో, వరసలో కవాతు చేస్తూ వస్తుంది. దీవి మొత్తంలో అందరికంటే క్రమశిక్షణ ఉన్నవాళ్ళు వాళ్ళే. ఆ క్రమశిక్షణకు భయం తోడైతే ఏమవుతుందో గోల్డింగ్ చూపించాడు. వాళ్ళ మృగం లాంటిదే మా వైరస్ కూడా. మా భయం అబద్ధం కాదు, ఊళ్ళో ముసలివాళ్ళున్నారు. కానీ నలుగురు మనుషులు రోడ్డు మీద నిలబడితే వాళ్ళలో మాకు కనబడింది ఆ భయం ఒక్కటే.

హాస్టల్లో నేను గమనించని సంగతి ఇంకోటుంది. దీవి మీద మొట్టమొదట పేర్లు రాసుకుందామని, మనం ఎంతమందిమో లెక్కపెడదామని అన్నవాడు పిగ్గీ. ఎవరూ పట్టించుకోలేదు. మృగం సంగతి మొదట ఎత్తింది ముఖం మీద పుట్టుమచ్చ ఉన్న ఒక చిన్నపిల్లవాడు. వాళ్ళు రాజేసిన మంట అడవికి అంటుకున్నాక వాడు మళ్ళీ కనబడడు. వాడి పేరు ఎవరికీ తెలియదు. వేట, రక్తం, హత్య అన్నీ ఆ తర్వాతే. నవలలో మొదటి చావు లెక్కపెట్టకపోవడం వల్ల జరిగిందని నాకనిపించింది.

మా కంప పడిన రోడ్డు పోచంపల్లికి పోతుంది. సరిగ్గా అదే నెలలో, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావే నడుచుకుంటూ పోచంపల్లి వచ్చాడు. శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనం ముగించుకుని తెలంగాణ పల్లెల్లోకి బయలుదేరాడు. అప్పుడు నల్లగొండ జిల్లా అంతా భయమే. సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు. ఒక పక్క దళాలు, ఇంకో పక్క పోలీసులు, సైన్యం. గోల్డింగ్ దీవి కంటే ఏమీ తక్కువ కాదు.

చిన్నప్పటి నుంచి స్కూల్లో ఆ కథ విన్నాం. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి వంద ఎకరాలు ఇస్తానన్నాడని, భూదానం అలా పుట్టిందని, అందుకే ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయిందని. ఒక గొప్ప మనసు కథగానే విన్నాం. నిజంగా మనసు మారిందా, పోరాటం భయం పెట్టిందా అని పెద్దయ్యాక స్నేహితులతో వాదించాను కూడా. బహుశా రెండూ కావచ్చు.

ఆ వాదనలో నేను వదిలేసింది దానికి ముందు జరిగింది. వినోబా దళితవాడకు వెళ్ళి మీకేం కావాలని అడిగాడు. భూమి కావాలన్నారు. ఎంత అంటే, నలభై కుటుంబాలకు ఎనభై ఎకరాలు. ప్రభుత్వం ఇవ్వడం ఆలస్యమైతే మీలో ఎవరైనా ఏమైనా చేయగలరా అని అక్కడున్నవాళ్ళను అడిగాడు. అప్పుడు లేచాడు రామచంద్రారెడ్డి. మనుషులు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అనే ప్రశ్న అక్కడ ఎవరూ వేయలేదు. ఎంతమంది, ఎంత కావాలి అన్న లెక్క మాత్రం అందరి ముందూ చెప్పారు. పెద్దవ్వ అడిగిందీ అదే.

దీన్ని తీపి కథ చేయడం నాకిష్టం లేదు. దేశమంతా తిరిగితే భూదానంలో 40 లక్షల ఎకరాలకు పైగా వచ్చాయి. అందులో పెద్ద భాగం పేదల చేతికి పోలేదు. కొంత సాగుకు పనికిరాని నేల, కొంత కాగితం మీదే ఉండిపోయింది. ఇవ్వడానికి ఒక్క సాయంత్రం చాలింది. కొలిచి, పట్టా చేసి, ఆ పట్టా ఉన్నవాడి కాళ్ళ కింద నేల ఇంకా ఉందా అని ఏడాదికేడాది అడగాల్సినవాళ్ళు మాత్రం అడగడం మానేశారు. కోడ్ రాసినవాడికి చప్పట్లు, దాన్ని పదేళ్ళు నడిపేవాడికి ఎవరూ దొరకరు. మా ఉద్యోగాల్లో రోజూ చూసేదే.

గోల్డింగ్ తప్పని చెప్పడానికి ఈ మధ్య అందరూ టోంగా పిల్లల్ని చూపిస్తున్నారు. 1965లో ఆరుగురు బడిపిల్లలు పడవ చెడి అటా అనే నిర్జన దీవికి కొట్టుకుపోయి, పదిహేను నెలల తర్వాత క్షేమంగా దొరికారు. వాళ్ళూ డ్యూటీలు వేసుకున్నారు: తోట, వంట, కాపలా. మాలాగే రోస్టరన్నమాట. కానీ ఒకడికి కాలు విరిగితే కట్టుకట్టి, వాడి పని మిగతావాళ్ళు చేశారు. వాళ్ళు ఆరుగురే, ఒకే బడివాళ్ళు, ఒకరి పేరు ఒకరికి తెలుసు. కాబట్టి గోల్డింగ్ ఓడిపోయాడని నేననను. లెక్కలో ఉన్నవాళ్ళ పట్ల మనుషులు బాగానే ఉంటారు. మేమూ ఆ నెలంతా మా ఊళ్ళో ముసలివాళ్ళకు మందులు తెచ్చిపెట్టాం, బియ్యం పంచాం. కంపకు ఇవతల మేం చాలా మంచివాళ్ళం.

ఆ షీట్ ఇంకా నా డ్రైవ్‌లో ఉంది. ఈ వ్యాసం రాయడానికి ముందు తెరిచి చూశాను. ఇరవై పేర్లు, ఇరవై నంబర్లు, ఒక్క గంట కూడా ఖాళీ లేదు. ఆ మధ్యాహ్నం గడిలో నా పేరుంది. రోడ్డు మీద వచ్చినవాళ్ళు ఎవరో, ఎంతమందో రాసుకోవడానికి మాత్రం నేను ఒక్క కాలమ్ కూడా పెట్టలేదు.