యానీ పాటలు విన్నారా?

దేవదాసు కాలం నుంచీ మనకో పట్టింపు ఉంది. ఏడుపు పాటంటే మెల్లగా సాగాలి, వయొలిన్లు మూలగాలి, పాడేవాడి గొంతు పూడుకుపోవాలి. గుండె పగిలినవాడు గంతులేశాడంటే, వీడి బాధ ఒట్టిదేనని తేల్చేస్తాం. ఆ పట్టింపు కాసేపు పక్కన పెట్టి రండి, మీకొక నార్వే అమ్మాయి సంగతి చెప్పాలి.

పేరు యానీ. మొదటి ఆల్బమ్ ‘యానీమల్’, 2004లో వచ్చింది. ఎలక్ట్రో పాప్. కంగారు పడకండి, మోతంతా సింథసైజర్లదీ కంప్యూటర్లదీ, దాని మీద ఎవరైనా కూనిరాగం తీయగల ట్యూను, అంతే. రాజ్-కోటి పాటలు వింటూ పెరిగినవాళ్లకి కీబోర్డు కొత్తేమిటి లెండి!

ఆమె ఉన్న ఊరు బెర్గెన్, నార్వే పడమటి తీరం. ఏడాదిలో సగానికి పైగా రోజులు వానే. పాశ్చాత్య సంగీతం తెలిసినవాళ్లు స్వరకర్త గ్రీగ్ పుట్టిన ఊరంటారు. 2000 దరిదాపుల్లో మాత్రం అక్కడ కుర్రకారు హడావుడి నడుస్తోంది. రోయ్‌క్సాప్, కింగ్స్ ఆఫ్ కన్వీనియన్స్ బృందాలు అక్కడి నుంచే బయల్దేరాయి. యానీ ఆ ఊరి క్లబ్బుల్లో డీజే. ఆమె స్నేహితుడు టోరే క్రోక్నెస్ కూడా సంగీతం చేసేవాడు, ‘ఎరాట్’ అన్న పేరుతో. ఇద్దరూ కలిసి 1999లో ఒక పాట వదిలారు. మడోన్నా 1982లో పాడిన ‘ఎవ్రీబడీ’లోంచి ఒక ముక్క తీసుకుని, దాని చుట్టూ అల్లిన పాట. పేరేం పెట్టారనుకున్నారు? ‘గ్రేటెస్ట్ హిట్’! ఇంకా యానీ పాట ఒక్కటీ బయటికి రాకుండానే ఆ పేరు పెట్టుకోవాలంటే ఎంత ధీమా ఉండాలి!

2001లో క్రోక్నెస్ పోయాడు. పుట్టుకతో వచ్చిన గుండెజబ్బు. 23 ఏళ్లు.

ఆ తర్వాత మూడేళ్లకి వచ్చిన ఆల్బమ్ ఈ ‘యానీమల్’. ఏడుపులూ పెడబొబ్బలూ ఉంటాయనుకుంటాం కదా, మొదట్లోనే ‘చ్యూయింగ్ గమ్’ పలకరిస్తుంది. అబ్బాయిలంటే ఆమెకు చ్యూయింగ్ గమ్‌తో సమానమట, రుచి ఉన్నంతసేపు నమిలి తర్వాత ఉమ్మేయడమేనట. పొగరంతా కుర్రతనపు గొంతులో ఒలికిస్తుంది. దీన్ని చేసింది బ్రిటన్‌కి చెందిన రిచర్డ్ ఎక్స్. అంతకు ముందే సుగబేబ్స్ బృందం చేత ‘ఫ్రీక్ లైక్ మీ’ పాడించి అక్కడి చార్టుల్లో మొదటి స్థానం కొట్టినవాడు. ఆ చెయ్యి పడినా ‘చ్యూయింగ్ గమ్’ బ్రిటన్‌లో 25 దగ్గరే ఆగిపోయింది.

నేను అసలు చెప్పాలనుకున్నది ‘హార్ట్‌బీట్’ గురించి. రోయ్‌క్సాప్‌లోని టోర్బ్యోర్న్ బ్రంట్‌లాండ్‌తో కలిసి రాసిన పాట. చెప్పుకోవడానికి కథేం లేదు. ఒక సాయంత్రం, డాన్సు, పక్కన ఒక మనిషి, గుండె చప్పుడు. యానీ గొంతు చాలా సన్నం, సగం ఊపిరే. ఎక్కడా పైకెత్తదు, సాగదీయదు. మన పాటల పోటీల్లో అయితే మొదటి రౌండులోనే ఇంటికి పంపించేస్తారు. కానీ కింద డ్రమ్ము ఉరుకుతుంటే పైన ఆ గొంతు అలా తేలుతూ ఉంటుంది, గట్టిగా పట్టుకుంటే పోతుందేమో అన్నట్టు. మొదటిసారి వింటే ప్రేమలో పడిన పిల్ల పాటే. ఎరాట్ దేనివల్ల పోయాడో తెలిశాక మళ్లీ వినండి. ఆమె ఆ ఉద్దేశంతోనే రాసిందని నేను పూచీ పడను గానీ, నాకు మాత్రం ఆ డ్రమ్ము ఇప్పుడు వేరేగా వినిపిస్తుంది. ఇంత బరువైన సంగతి మోస్తూ కూడా పాట ఒక్క అడుగు నెమ్మదించదు. మూలిగే వయొలిన్లకు నన్నింతగా కదిలించడం ఎప్పుడూ చేతకాలేదు.

పిచ్‌ఫోర్క్ అనే సంగీత పత్రిక 2004లో వచ్చిన సింగిల్స్ అన్నిట్లోకీ దీన్నే మొదటి స్థానంలో పెట్టింది. బ్రిటన్ చార్టులో? 50! ఈ తేడా ఎందుకంటారా? నా మటుకు నాకు తోచేదేమిటంటే, రేడియోకి కేక కావాలి, ఈమె కేక పెట్టదు. గంభీరమైన సంగీతం కోరేవాళ్లేమో చ్యూయింగ్ గమ్ అన్న మాట వినగానే మొహం తిప్పుకుంటారు. ఇలా ఇద్దరికీ కాకుండా పోయింది.

అన్నీ ముత్యాలే అనను. ‘కమ్ టుగెదర్’ ఎనిమిది నిమిషాల దాకా సాగుతుంది, క్లబ్బులో అయితే సరేగానీ ఇంట్లో కూర్చున్నవాళ్లకి అందులో సగం చాలు. చివరి పాటలు కొంచెం చల్లబడతాయి కూడా. కానీ చివర్లో ఆ పాత ‘గ్రేటెస్ట్ హిట్’ని కూడా ఉంచింది చూశారూ, అందుకే ఆల్బమ్ మొత్తాన్నీ వరసలో వినమంటాను. మిగతా పాటలకు వేరేవాళ్లు సంగీతం కట్టారు, ఈ ఒక్కదాంట్లో మాత్రం క్రోక్నెస్ చెయ్యి ఉంది.

తర్వాతి ఆల్బమ్ ‘డోంట్ స్టాప్’ కంపెనీ గొడవల్లో చిక్కి 2009కి గానీ బయటపడలేదు, మూడోది ‘డార్క్ హార్ట్స్’ 2020లో. అవి తర్వాత చూసుకోవచ్చు, ముందు దీన్ని కానివ్వండి. చెవుల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోను బోర్లా పడేసి వినండి. విన్నాక ఏ పాట నచ్చిందో నాకు చెప్పాలి మరి. ‘చ్యూయింగ్ గమ్’ అన్నారో, పాస్ మార్కులే వేస్తాను.