మా జీపుకి యాడ్ రాయడం

ఈ ఏడాది సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో నాకొక పని అప్పజెప్పారు. తాతయ్య జీపు అమ్మాలి, దానికి ఫోన్లో యాడ్ పెట్టాలి. ఇంట్లో ఇంగ్లీష్ మీడియంలో చదివింది నేనొక్కదాన్నే, పైగా సీఎస్‌ఈ. మా ఊళ్ళో సీఎస్‌ఈ అంటే ఫోన్‌కి సంబంధించిన ప్రతి పనీ వచ్చినట్టే లెక్క. పది నిమిషాల పని అనుకుని కూర్చున్నా. మూడు రోజులు పట్టింది.

మాది గోవాడ, చోడవరం దగ్గర. షుగర్ ఫ్యాక్టరీ ఊరు అంటే మా వైపు వాళ్ళకి వెంటనే తెలుస్తుంది. మిగతావాళ్ళ కోసం: అనకాపల్లి బెల్లం వినే ఉంటారు కదా, ఆ చెరుకు తోటల మధ్యలోనే మేం ఉంటాం. 2022 ఏప్రిల్ 4 వరకు మాది విశాఖపట్నం జిల్లా, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. జీపు ఆర్‌సీలో మాత్రం ఇంకా విశాఖపట్నం జిల్లానే.

అమ్మడానికి పెద్ద కథేం లేదు. తాతయ్యకి 74. ఎడమ మోకాలు క్లచ్ తొక్కనివ్వట్లేదు. ఆ మోకాలి ఆపరేషన్ రెండేళ్ళుగా వాయిదా పడుతోంది, డబ్బు వల్ల కొంత, ఆయన మొండితనం వల్ల కొంత. నాన్నకి అచ్యుతాపురంలో షిఫ్ట్ డ్యూటీ, ఆయనకి బైక్ చాలు. నేను హాస్టల్లో. రిజిస్ట్రేషన్ గడువు మార్చిలో అయిపోతుంది. 15 ఏళ్ళు దాటిన సొంత బండికి ప్రతి అయిదేళ్ళకీ రెన్యువల్ చేయించాలి. కార్లకీ జీపులకీ ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కి పెరిగింది. "ఇంక అమ్మీద్దాం" అని తాతయ్యే అన్నారు. ఎవరూ వద్దని బతిమాలలేదు. ఎవరైనా బతిమాలితే బాగుండునని ఆయనకి ఉందేమో తెలీదు.

సరే, యాప్ ఓపెన్ చేశా. మొదటి బాక్స్: ఇయర్.

తాతయ్య దగ్గరున్న మిలిటరీ వేలం కాగితం ప్రకారం అది 1968 మోడల్. ఆర్‌సీలో మొదటి రిజిస్ట్రేషన్ 1980. మధ్యలో 12 ఏళ్ళు అది మిలిటరీ బండి. వేలంలో కొన్నాయన దగ్గర నుంచి తాతయ్య ఒక ఎడ్ల జత అమ్మి కొన్నారు. అప్పుడాయనకి 29 ఏళ్ళు.

దాని మోడల్ పేరు సీజే3బీ. పాత సినిమాల్లో ఇన్‌స్పెక్టర్ దిగే జీపులు గుర్తు తెచ్చుకోండి. మామూలు జీపు కన్నా దీని బోనెట్ ఎత్తుగా ఉంటుంది. అది స్టైల్ కోసం కాదు. అమెరికాలో విల్లీస్ కంపెనీ హరికేన్ అనే కొత్త ఇంజిన్ తెచ్చింది. అది పాత ఇంజిన్ కన్నా పొడుగు. పాత బాడీలో పట్టలేదు కాబట్టి బోనెట్ పైకి లేపేశారు. అలా 1953లో ఈ మోడల్ వచ్చింది. 1968లో అమెరికాలో ఆపేశారు కానీ మన దేశంలో మహీంద్రా వాళ్ళు ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు తయారుచేశారు. ఆ కంపెనీ 1945లో మొదలైనప్పుడు పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. భాగస్వామి గులాం మొహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్‌కి మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. అంటే పుట్టుకలోనే ఈ జీపులకి పార్ట్‌లు మారడం అలవాటు.

రెండో బాక్స్: ఫ్యూయల్.

పుట్టింది పెట్రోల్ బండిగా. ఇప్పుడు డీజిల్. 1990లో గల్ఫ్ గొడవ వచ్చి పెట్రోల్ ధర పెరిగింది. చెరుకు రైతుకి పెట్రోల్ జీపు అంటే ఇంట్లో ఏనుగుని కట్టుకున్నట్టే. 1991లో తాతయ్య సెకండ్‌హ్యాండ్‌లో ప్యూజో డీజిల్ ఇంజిన్ ఒకటి కొన్నారు. అది 1980ల్లో మహీంద్రా జీపులకి వచ్చిన 2112 సీసీ ఇంజిన్. చోడవరంలో ఒక షెడ్డులో వారం రోజులు దగ్గర కూర్చుని బిగించారు. ఆ మార్పుని ఆర్‌సీలో కూడా ఎక్కించారు. ఆ కాగితం ఇప్పటికీ పెళ్ళి పట్టుచీరల పెట్టెలో ఉంది.

మూడో బాక్స్: కిలోమీటర్లు. మీటర్ 43 వేల దగ్గర ఆగిపోయి ఉంది. నాన్న ఇంటర్ చదివే రోజుల నుంచీ అదే నంబర్. "ఎన్ని తిరిగిందంటావ్ తాతయ్యా?" అనడిగితే ఆయన కిలోమీటర్లలో చెప్పలేదు. అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం దిమ్మలతో ఏడాదికి ఎన్నిసార్లు, పాడేరు మోదకొండమ్మ జాతరకి ఎన్నేళ్ళు, మాడుగుల సంతకి ఎన్ని వారాలు, అలా చెప్పుకుంటూ పోయారు. నేను "నాట్ వర్కింగ్" అని టైప్ చేశా.

అసలు కష్టం డిస్క్రిప్షన్ దగ్గర వచ్చింది. ఈ జీపులో కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు ఉన్నవి చాలా తక్కువ. ఏమేం మార్చారో రాద్దామని తాతయ్యని అడిగితే ఒక్కో మార్పుకీ ఒక కారణం బయటికొచ్చింది.

పైన రేకు టాప్. ముందు టార్పాలిన్ ఉండేది. 1981లో జోరువానలో నానమ్మని నొప్పులతో అందులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళారట. దారి పొడుగునా ఆవిడ తడిసింది. నాన్న క్షేమంగా పుట్టారు. మరుసటి నెలే టాప్ వచ్చింది.

వెనక బాడీ అడుగున్నర పొడిగింపు. చక్రాల మధ్య దూరం అదే 80 అంగుళాలు. వెనక మాత్రం వెల్డింగ్ చేసి పెంచారు. బెల్లం దిమ్మలు ఇంకో వరస పడతాయని.

ముందు అంబాసిడర్ సీటు, ఎక్కడానికి కిందకి దించిన మెట్టు. ఇవి తాతయ్య వాళ్ళమ్మ కోసం. ఆవిడకి నడుం నొప్పి, అయినా చోడవరం స్వయంభూ వినాయకుడి గుడికి వెళ్ళడం మానేది కాదు.

వెనక లావుపాటి కొక్కెం. ఇది నాకు తెలిసిన మార్పు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. తెల్లారాక చూస్తే దారి కనపడకుండా చెట్లు. గేర్ రాడ్ పక్కనుండే రెండు చిన్న రాడ్లూ పనిచేయడం నేను చూసింది ఆ రోజే. ఒకటి లాగితే ముందు చక్రాలకి కూడా పవర్ వెళ్తుంది, రెండోది లో గేర్: స్పీడ్ తగ్గిపోతుంది, బలం పెరుగుతుంది. మనిషి నడక కన్నా మెల్లగా కదులుతూ ఒక్కో చెట్టునీ పక్కకి లాగింది. రెండో రోజు పాత కొక్కెం ఊడిపోయింది. కరెంట్ వచ్చాక మొదట చేయించిన పని కొత్త కొక్కెం వెల్డింగ్.

నాకు గిట్ గుర్తొచ్చింది. మనం కోడ్ మార్చిన ప్రతిసారీ ఎందుకు మార్చామో ఒక లైన్ రాయమంటారు కదా, మనలో సగం మంది "అప్‌డేటెడ్" అని రాసి వదిలేస్తాం. ఈ జీపుకి 45 ఏళ్ళ మార్పులున్నాయి, ఒక్కదానికీ మెసేజ్ లేదు. అన్నీ తాతయ్య తలలోనే ఉన్నాయి. ఆ మూడు రోజులూ నేను చేసింది వాటిని రాసుకోవడమే.

కానీ యాడ్‌లో ఇవన్నీ రాయాలా? నాన్న వద్దన్నారు. ఆయన భయం ఉత్తదేం కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ బండికీ తేడా రాకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్పు ఆర్‌సీలో ఉంది, వెనక అడుగున్నర లేదు. పోనీ వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామా అంటే 2021లో వచ్చిన రూల్స్ చదివా. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, బండి ఒరిజినల్‌గా ఉండాలి. అప్పుడు నంబర్‌లో "వీఏ" అని వస్తుంది, రోజువారీ పనులకి రోడ్డెక్కించకూడదు. మా జీపు తయారై 57 ఏళ్ళు, రిజిస్టర్ అయ్యి 45. ఒరిజినల్ అంతకన్నా కాదు. ఏ పనీ చేయకుండా షెడ్డులో పడున్న జీపుకి గౌరవం ఉంది. ఇన్నేళ్ళు పని చేసిన జీపు ఏ లిస్టులోనూ లేదు. నాకు కొంచెం కోపం వచ్చింది. కానీ రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్ళ ప్రాణాల కోసం పెట్టిన రూల్ అది, దాన్నీ కాదనలేను.

మెకానిక్ మావయ్య అయితే నవ్వేశాడు. "అన్నీ రాసీస్తే ఎవుడొత్తాడు పాపా?"

తాతయ్య మాత్రం "ఏటి రాసేవు, చదువు" అన్నారు. నేను ఇంగ్లీష్‌లో రాసింది తెలుగులో చెప్పా. పొడిగింపు సంగతి రాలేదని ఆయనకి అర్థమైంది. "ఉన్నది ఉన్నట్టు రాయమ్మా. రేపు ఆ కొన్నోడు ఆఫీసులో దొంగలా నిలబడకూడదు" అన్నారు. రాశా. రేటు 2,75,000 అని పెట్టా.

తర్వాత పది రోజులు ఫోన్లే ఫోన్లు. "లాస్ట్ ఎంత?" అనేవాళ్ళు సగం. ఏసీ ఉందా అని ఒకరు. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి ఒక్క రోజు అద్దెకిస్తారా అని ఇంకొకరు. చివరికి నిజంగా కొనేవాళ్ళు ఇద్దరు మిగిలారు.

ఒకాయన ఏజెన్సీ రైతు, జి.మాడుగుల వైపు. కాఫీ, మిరియాలు, పసుపు పండిస్తారు. తనకి ఒక పాత జీపు ఉంది, ఇంజిన్ పోయింది. మాది చూసి ఉన్నదున్నట్టు తీసుకుంటానన్నారు. 1,60,000. అంతకు మించి తన దగ్గర లేదని ముందే చెప్పేశారు.

రెండో ఆయన హైదరాబాద్. పాత జీపులంటే పిచ్చి. 2,10,000 ఇస్తానన్నారు. కానీ ఆయనకి కావాల్సింది మా జీపు కాదు, దాని లోపలున్న 1968 జీపు. రేకు టాప్ తీసేస్తారు, వెనక అడుగున్నర కోసేస్తారు, మా డీజిల్ ఇంజిన్ పక్కన పడేసి తన దగ్గరున్న హరికేన్ పెట్రోల్ ఇంజిన్ పెడతారు, మిలిటరీ గ్రీన్ కొట్టిస్తారు.

తాతయ్య ఏజెన్సీ ఆయనకే ఇస్తారని నేను ఫిక్స్ అయిపోయా. నేనే అయితే అలాగే చేసేదాన్ని. జీపు జీపులాగే బతుకుతుంది కదా. 50 వేలు తగ్గినా పర్లేదు అని నానమ్మతో వాదించా కూడా.

తాతయ్య హైదరాబాద్ ఆయనకే ఇచ్చారు. "నువ్వు అంత కష్టపడి చేయించుకున్నవన్నీ కోసి పారేస్తాడు తాతయ్యా" అంటే ఆయన నా వైపు కాసేపు చూశారు. "నేను మాత్రం ఏటి చేసేను? మిలిటరీవోడి బండి తెచ్చి నాకు కావలసినట్టు కోసుకున్నాను. ఇప్పుడు ఆయనకి కావలసినట్టు ఆయన కోసుకుంటాడు. అమ్మీసిన దాని మీద మనకేటి పెత్తనం?" తర్వాత చిన్న గొంతుతో, "ఆ 50 వేలు మోకాలిదమ్మా" అన్నారు.

దానికి నా దగ్గర సమాధానం లేదు. ప్రేమని యాభై వేలకి తూచేశారని కాదు. అది ప్రేమ అని ఆయన ఎప్పుడూ అనలేదు, అది అవసరం అన్నారు. అవసరం పేరు మీదే 45 ఏళ్ళు చూసుకున్నారు. ఆ రెండిటికీ మధ్య గీత ఎక్కడుందో నాకింకా తెలీదు.

అయితే ఒక మాట అడిగారు. "ఆ ఇంజిన్ మీకు వద్దు కదా, ఇక్కడే దించుకుంటాం." హైదరాబాద్ ఆయన సరేనన్నారు. ఇంజిన్ లేకుండా ఇస్తున్నట్టు కాగితం రాసుకున్నారు, కొత్త ఇంజిన్ నంబర్ ఆర్‌సీలో ఎక్కించుకునే బాధ్యత ఆయనదే. తెలంగాణకి వెళ్తుంది కాబట్టి ఎన్‌ఓసీకి ఫారం 28, పేరు మార్పుకి 29, 30 నేనే నింపా. ఇంజిన్‌ని ఏజెన్సీ రైతు 45 వేలకి తీసుకెళ్ళారు. ఆయన జీపు లేస్తుంది, ఆయన డబ్బు కూడా మిగిలింది. మాకు మొత్తం 2,55,000 వచ్చింది. కోడ్ భాషలో చెప్పాలంటే మా జీపు ఫోర్క్ అయింది.

దించిన రోజు మెకానిక్ మావయ్య చైన్ బ్లాక్ కట్టి ఇంజిన్ పైకి లేపుతుంటే తాతయ్య కుర్చీ వేసుకుని, 1991లో లాగే, దగ్గరే కూర్చున్నారట. ఆ రోజు నేను ల్యాబ్ ఎగ్జామ్‌లో ఉన్నా. నాన్న ఫోటో పంపారు.

ఏప్రిల్లో మోకాలి ఆపరేషన్ అయింది. ఉగాది దాటాక హైదరాబాద్ నుంచి ఫోటోలు వచ్చాయి. బాడీ మీద రంగు గీకేశారు. మా నీలం, దాని కింద తెలుపు, అన్నిటికన్నా అడుగున మిలిటరీ ఆకుపచ్చ. తాతయ్య స్క్రీన్ మీద వేళ్ళతో పెద్దది చేసి చూశారు. "ఇదే రంగు. నేను కొన్నప్పుడు ఇలగే ఉండేది" అన్నారు.

అదే వారం ఏజెన్సీ నుంచి వీడియో వచ్చింది. కొండ దారి, వేరే జీపు, మా ఇంజిన్. తాతయ్య ఫోన్ చూడలేదు, చెవి దగ్గర పెట్టుకున్నారు. రెండుసార్లు విని నాకిచ్చి అన్నారు: "హీటర్ ఇంకో అయిదు సెకన్లు ఎక్కువ పట్టమని చెప్పమ్మా. పొద్దున్న పూట దానికి చలి."