సిపాయి బిడ్డలు, పంతులమ్మల శిక్షణ

మా ఉద్దానపు పల్లెలలో యువకులు సైన్యమున జేరుట క్రొత్త సంగతి కాదు. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి ప్రాంతములలోను, ఇటు టెక్కలి చుట్టుపట్ల గ్రామములలోను వేకువజామున రోడ్డు వెంట పరుగు లభ్యసించు కుఱ్ఱవాండ్రు కనబడుచునే యుందురు. ఎన్నికైనవాడు పలాస స్టేషనులో రైలెక్కును. ఇంటికి జీతము వచ్చును. పూరింటి స్థానమున డాబా లేచును. మంచి సంబంధము కుదురును. ఒక బిడ్డ పుట్టును. ఆగస్టు పదునైదవ తేదీన సెలవుమీద వచ్చిన సిపాయి దొరకినచో వానికి శాలువ కప్పి మనము ధన్యుల మగుదుము. వాని మూడేండ్ల బిడ్డకు ప్రతిదినము మాటలు చెప్పువా రెవరు, వారికా పని నేర్పినవా రెవరు అను ప్రశ్న మాత్రము ఆ శాలువ సభలలో నేనెన్నడును వినలేదు.

లెక్క చూడుడు. సిపాయికి సాలునకు 60 దినముల వార్షికపు సెలవు, 30 దినముల కాజువల్ సెలవు. ఒక్క దినమైనను పోగొట్టుకొనక అన్నియు వాడుకొన్నను, బిడ్డకు మూడవయేడు నిండినది మొదలు ఆఱవయేడు నిండువఱకు గల ముప్పదియాఱు నెలలలో తండ్రి యింటనుండునది తొమ్మిది నెలలు. ప్రయాణములు, పండుగలు, కోర్టు పనులు, ఇంటి మరమ్మతులు అందులోనివే. సరిహద్దు స్థావరములకు కుటుంబమును తీసికొనిపోవుట కుదరదు. కంటోన్మెంటులో నివాసము దొరకినవారికి కొంత మేలు. 1966లో ఏర్పడిన సైనికుల భార్యల సంక్షేమ సంఘమును, 1983లో ఏర్పడిన సైనిక సంక్షేమ విద్యాసంఘమును అట్టివారి బిడ్డల చదువు విషయమై చాల పని చేసినవి. కాని తల్లి అత్తవారింట కొబ్బరితోటల నడుమ నుండగా బిడ్డకు గల బడి యేది? ఊరి అంగన్‌వాడీయే. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమంతట 33 బ్లాకులలో ఆరంభమైన శిశు అభివృద్ధి పథకపు బిడ్డ అది. సైనిక కుటుంబములకై మా ప్రాంతమున ప్రత్యేకమైన శిశుపాఠశాల లేదు గనుక, అంగన్‌వాడీ కార్యకర్తకు మన మేమి నేర్పుచున్నామో అదియే సిపాయి బిడ్డకు మనము చేయుచున్న సన్మానము.

2025వ సంవత్సరపు వర్షాకాలమున కొందఱు కార్యకర్తలకు కథలు చెప్పు విధమును గూర్చి రెండు పూటలు మాటాడుమని నన్ను పిలిచిరి. 2023లో కేంద్రప్రభుత్వము పోషణతోబాటు చదువును చెప్పవలెనని యొక కార్యక్రమ మారంభించి, కార్యకర్తలకు మూడేసి దినముల శిక్షణ నేర్పాటు చేసినది. 2024లో మూడు మొదలు ఆఱేండ్ల పిల్లలకు ‘ఆధారశిల’ యను పాఠ్యక్రమమును వెలువడినది. ఆటపాటలతో నేర్పుమని చెప్పు మంచి పుస్తకమది. కాని మంచి పుస్తకమును చెడ్డగా చెప్పుటలో మన దేశమునకు చాల కాలపు అనుభవము గలదు. నాకు ముందు మాటాడిన యొక పెద్దమనిషి, పిల్లల కుపన్యాసము లీయరాదని పూర్తిగా రెండు గంటల సేపు ఉపన్యసించిరి. నలువదిమంది స్త్రీలు చేతులు కట్టుకొని వినిరి. తరువాతి గంట ఫోనులో పోషణ్ ట్రాకర్ నింపు విధమునకు బోయినది. అప్పుడు మాత్ర మందఱును తలలెత్తిరి. ఏలయన, దానిని నింపకున్న సంజాయిషీ చెప్పుకొనవలయును. పిల్లవానితో మాటాడకున్న నెవరును సంజాయిషీ అడుగరు.

భోజన విరామమున ఉద్దానపు కార్యకర్త యొకామె నాతో చెప్పిన సంగతి యిది. ఆ యేడు మే నెల 7వ తేదీ మొదలు నాలుగు దినములు పాకిస్తానుతో పోరు సాగినప్పుడు ఊరిలో ప్రతి యింటను టెలివిజను రాత్రింబగళ్లు మ్రోగినది. ఆమె కేంద్రములో నాలుగేండ్ల బాలుడు. తండ్రి జమ్మూ ప్రాంతమున నున్నాడు. రోజూ రాత్రి వచ్చు ఫోను ఆ దినములలో రాలేదు. తల్లి ముఖము చూచి పిల్లవాడు పసిగట్టెను. కేంద్రమునకు వచ్చి ఏడ్పు మొదలుపెట్టెను. ఆయా వానిని చంకనెత్తుకొని, మనవా రందఱు చెప్పునట్లే చెప్పినది: “ఊరుకో బాబూ, ఏడిస్తే మీ నాన్న రాడు. ఏడ్సే గుంటల కాడికి మిలిట్రీవోలు రారు.”

వాడు ఊరుకొనెను. నిజముగనే ఊరుకొనెను. మఱునాడు ఏడువలేదు, ఆడలేదు, గ్రుడ్డు పెట్టిన తినలేదు. నిద్రలో పక్క తడుపుచున్నాడని తల్లి చెప్పినది. అయిదవనాడు కార్యకర్త కొంగు పట్టుకొని మెల్లగా అడిగెనట: “నానేడవనేదు కదా టీచరమ్మా, మరి నాన్నెందుకు రానేదు?”

ఆయాను నిందించి ప్రయోజనము లేదు. ఆమె చాల యేండ్లు పలాసలో జీడిపప్పు ఒలిచి, ఆ మాటతోనే ముగ్గురు బిడ్డలను పెంచినది. నా తల్లియు నాతో అట్టి మాటలే చెప్పినది. బూచివాడు, పోలీసు, సూదిమందు డాక్టరు, వీరందఱును మన యిండ్లలో జీతము లేని ఆయాలు. సాధారణ బాలుని విషయమున ఆ మాట సాయంకాలమునకు కరగిపోవును. తండ్రి పొలమునుండి తిరిగివచ్చును గదా. సిపాయి బిడ్డ విషయమున నది కరగదు. నాలుగేండ్ల వయస్సున బిడ్డ తన తలపునకును లోకమున జరుగు దానికిని సంబంధము కల్పించుకొనును. తండ్రి రాకపోవుట తన కన్నీటి ఫలమని నిజముగ నమ్మును.

సంస్కృతమున ‘శిక్ష’ యను మాటకు మూలము ‘శక్’ ధాతువు. చేయగల శక్తిని కోరుట యని దాని భావము. తెలుగున నదే మాట దండనమై కూర్చున్నది! మన శిక్షణ శిబిరములను చూచినప్పుడు ఏ యర్థమును దలచి ఆ పేరు పెట్టిరా యని సంశయము కలుగును. కార్యకర్తకు శక్తి నిచ్చు శిక్షణ యన, ఆయా నోటి ఆ వాక్యమునకు బదులు మఱొక వాక్యమును ఆమె నోటికి అలవాటు చేయుట. “మీ నాన్న డ్యూటీలో ఉన్నారు. ఎప్పుడొస్తారో నాకు తెలీదు. నీకు బెంగగా ఉంది, ఏడుపొస్తే ఏడువు. అమ్మొచ్చే దాకా నేనిక్కడే ఉంటాను.” నాలుగు ముక్కలు. వ్రాసి చూపిన మూడు నిమిషముల పని. నోటికి వచ్చుటకు మాత్ర మా మధ్యాహ్నమంతయు పట్టినది. ఇద్దఱిద్దఱు చొప్పున కూర్చుండి, ఒకతె బిడ్డగాను ఒకతె పంతులమ్మగాను ఆడిరి. మొదట నవ్వులు. తరువాత నొకామె, తన భర్తయు పదునేడేండ్లు సైన్యమున నుండినవాడే, బిడ్డ వేషమున కూర్చుండి ఏడ్చినది. అటుపిమ్మట నెవరును నవ్వలేదు.

‘రేపు’ అను మాటను గూర్చియు చాల సేపు మాటాడుకొంటిమి. మూడేండ్ల తెలుగు బిడ్డకు జరిగినదంతయు ‘నిన్న’, జరుగవలసినదంతయు ‘రేపు’. “మీ నాన్న రేపొస్తాడు” అని ఏడుపు మాన్పించుట మన కలవాటు. ఆ రేపు ఎన్నటికిని రాకున్న, బిడ్డ తండ్రినే కాదు, ఆ మాట చెప్పిన పంతులమ్మను గూడ నమ్ముట మానును. కాలమును చూపుటకు మా ప్రాంతమున నింతకంటె మంచి సాధనము గలదు. టెక్కలి దగ్గఱ తేలినీలాపురమునకు ఏటేట గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును శరత్కాలమున వచ్చి, చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను లేపి, వేసవికి వెడలిపోవును. వచ్చుట, ఉండుట, పోవుట, మరల వచ్చుట – ఇది బిడ్డ కండ్ల యెదుట జరుగు కథ. ఏ రంగుల పటము చెప్పగల దీ మాట? పక్షి పోయిన చెట్టు అలుగదు. ఈ కథను కార్యకర్త లొక్కొక్కరు ఒక్కొక్క తీరున చెప్పిరి. నేను చెప్పినదానికంటె వారిదే బాగున్నది, అది మా మాండలికమున నుండుటచేత.

ఆ మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. మా జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు సవరలకు వారి మాటలోనే వాచకములు వ్రాసి బడులు పెట్టిరి. బిడ్డకు మొదటి చదువు తన నోటి మాటలో నుండవలెనను సత్యమును ఆచరించి చూపినవారి జిల్లాలో, నేడు మూడేండ్ల పిల్లవాడు వ్యానెక్కి కాశీబుగ్గ పోయి అర్థము తెలియని ఇంగ్లీషు పాటలు వల్లించుచున్నాడు. సిపాయి కుటుంబములకు నెల జీతము గలదు గనుక ఆ వ్యానులో వారి బిడ్డలే ముందు. నేను ఇంగ్లీషు బోధించి బ్రతుకువాడను. ఆ భాషపై నాకు ద్వేషము లేదు. కాని బెంగను చెప్పుకొనుటకు మాట చాలని వయస్సున, ఉన్న మాటను గూడ వాకిటనే విడిచి రమ్మనుట న్యాయమా?

ఫ్రోబెల్ పండితుడు 1840లో తన బడికి పిల్లల తోట యను పేరు పెట్టెను. ఉద్దాన మను మాట ఉద్యానము నుండి పుట్టినదని మావారి నమ్మకము. తితలీ తుపాను 2018 అక్టోబరున కొబ్బరిచెట్లను కూల్చిన తరువాతను ఇది తోటయే. ఇసుకకు కొదవ లేదు, జీడిగింజలకు లేదు, కొబ్బరిచిప్పలకు లేదు. తారాబాయి మోడక్‌గారు 1945లో బొర్డీ గ్రామమున బాలల బడి పెట్టినప్పుడు చేసిన పని యిదియే: ఖరీదైన మాంటిస్సోరీ సామగ్రికి బదులు గింజలు, గవ్వలు, ఆకులు. కావలసినది సామగ్రి కాదు, సామగ్రిని చూచు కన్ను. ఆ కన్ను మూడు దినములలో తెఱవదు.

ఈ విషయమున అమెరికావారి ఉదాహరణ మొకటి చదువరుల ముందుంచుచున్నాను. అచ్చట సైనికుల బిడ్డల కేంద్రములు 1980 ప్రాంతముల వఱకు చాల హీనస్థితి నుండెను. తక్కువ జీతముల చేత పనివారు నిలువకుండిరి. తల్లిదండ్రుల ఫిర్యాదులు పెరిగెను. 1989లో వారి శాసనసభ సైనిక శిశుసంరక్షణ శాసనము చేసినది. పనివారు శిక్షణ పూర్తిచేయుట విధి. శిక్షణ పూర్తిచేసినకొలది జీతము పెరుగును. ప్రతి కేంద్రమున, పనివారి ప్రక్కన నిలిచి పని నేర్పుటకే యొక నిపుణురాలు. సంవత్సరమునకు నాలుగుసార్లకు తక్కువ కాకుండ, చెప్పకుండ వచ్చి తనిఖీ. మూడు మొదలు అయిదేండ్ల పిల్లలు పండ్రెండుమందికి ఒక పెద్ద. ఆ దేశపు యుద్ధములను మెచ్చుకొనవలసిన పని లేదు. ఈ శాసనములోని యొక్క సూత్రమును మాత్రము మెచ్చుకొనవలెను: నేర్చుకొన్నదానికి జీతము ముడివేయుట.

మనదగ్గఱ నేమున్నది? కార్యకర్త గౌరవవేతనము 2019లో మన రాష్ట్రమున 11,500 రూపాయలకు పెరిగినది. 2023 డిసెంబరు మొదలు 2024 జనవరి వఱకు 42 దినములు వారు సమ్మె చేసిరి. జీతమని యనక గౌరవవేతన మనుటలో గౌరవ మెంతయో వారినే అడుగవలెను. 2022లో సుప్రీంకోర్టువారు వారికి గ్రాట్యుటీ హక్కు కలదని తీర్పు చెప్పుచు, వారి పనిని పూర్తి పనిగానే చూచిరి. ఎంత నేర్చినను, ఏమియు నేర్వకున్నను ఒకే మొత్తము చేతికి వచ్చునప్పుడు, శిక్షణకు వచ్చుట ప్రయాణపు శ్రమ మాత్రమే యని ఆమె తలచిన తప్పెవరిది?

రెండవ పూట ముగియునప్పుడు వెనుక వరుస నుండి వచ్చిన ప్రశ్న సభనంతయు నిశ్శబ్దము చేసినది. “పెట్టె వస్తే, బాబూ, ఆ గుంటకి ఏటి సెప్పాలి?” ఏ పుస్తకమునను ఆ పుట లేదు. శిశుమనస్తత్వమును ఎరిగినవారు చెప్పున దొకటే: నిజము చెప్పవలెను, చిన్న మాటలలో చెప్పవలెను. “నాన్న చనిపోయారు. ఇక రారు. నీ తప్పు కాదు.” నిద్రపోవుచున్నాడన్న బిడ్డ నిద్రకు భయపడును, ఊరికి వెళ్లినాడన్న వాకిట కూర్చుండి ఎదురుచూచును. ఇది విని కొందఱు తలలూపిరి, కొందఱు ఒప్పుకొనలేదు. “ఇంత కటువుగా పసిబిడ్డతో ఎలా అంటాం, మేష్టారూ?” అని ముందు వరుసలోని పెద్దామె వాదించినది. ఆ వాద మక్కడ తెగలేదు. తెగవలసిన పనియు లేదు. మూడేండ్ల బిడ్డతో మృత్యువును గూర్చి మాటాడుట యెట్లని పల్లెటూరి స్త్రీలు నలువదిమంది ఒక గంట సేపు వాదించుకొనుట నేను చూచినది అదే మొదటిసారి.

ఆ కార్యకర్త తరువాత తన కేంద్రమున చేసిన పని నాకు ఫోనులో చెప్పినది. సెలవుపై వచ్చిన హవల్దా రొకాయన కూతురు, నాలుగేండ్లది, తండ్రిని చూచి నాయనమ్మ చాటున దాగుచుండెను. ఆయన మనస్సు చాల నొచ్చుకొనెను; బొమ్మలు కొనితెచ్చెను, అవియు పనిచేయలేదు. ఈమె ఆయనను కేంద్రమునకు పిలిచి, వారమురోజులు ప్రతి ఉదయము అరగంట వచ్చి పిల్లలకు దుప్పటి మడత పెట్టుట నేర్పుమనెను; సైన్యమున చేయునట్లే, అంచుకు అంచు కలిపి. కూతురిని దగ్గఱకు పిలువవద్దనియు చెప్పెను. హవల్దారు మొదట సిగ్గుపడెను. అది ఆడువారి బడి యని ఆయన అభిప్రాయము. రెండు దినములు పిల్లలందఱును మడతలు పెట్టిరి, ఆ పిల్ల తప్ప. నాలుగవనాడు తన తువాలు తెచ్చి ఆయన ముందు వేసి, “నాకు రానేదు, మల్లీ సూపించు” అనినదట.

నెలనెల జరుగు సెక్టారు సమావేశమున ఈమె యీ సంగతి చెప్పగా, మఱి రెండు గ్రామముల కార్యకర్తలు తమ యూళ్లలో ఎవరెవ రెప్పుడు సెలవుపై వచ్చెదరో వ్రాసికొని పోయిరి.