నీలం పిల్ల

పంజరంలో ముక్కూ ముక్కూ రాసుకుంటూ కూచునే బుల్లి చిలకలను మీరు చూసే ఉంటారు. మనవాళ్ళు వాటిని లవ్ బర్డ్స్ అంటారు గాని, అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా పక్షులు. వీటి పేరు బడ్జెరిగార్లు. వీటి పుట్టిల్లు ఆస్ట్రేలియా. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు చేర్చాడు. తరవాత దేశదేశాల పంజరాలకు ఇవి పాకాయి.

నేను ఏడో తరగతిలో ఉండగా మా మేనమామ ఒక జత తెచ్చి ఇచ్చాడు. రెండూ ఆకుపచ్చవే. ముంత ఒకదానికి పక్కన చిల్లి పెట్టి పంజరంలో కట్టాం. ఆడది రోజు విడిచి రోజు గుడ్డు పెడుతూ అయిదు గుడ్లు పెట్టింది. ఒక్కొక్క గుడ్డూ సుమారు 18 రోజులకు పిల్ల అయింది. ఈకలు వచ్చాక చూద్దును గదా, నాలుగు పిల్లలు ఆకుపచ్చగా ఉన్నాయి. అయిదోది ఆకాశంలాగా నీలం!

"ఇదెక్కణ్ణించి వచ్చింది, మామయ్యా?" అని అడిగాను.

"తల్లిలోనూ తండ్రిలోనూ దాక్కుని ఉంది. నీలమంటే కొత్త రంగు కాదురా. దాని ఈకల్లో పసుపు తయారు కాలేదు. ఆకుపచ్చలోంచి పసుపు తీసేస్తే మిగిలేది నీలమే," అన్నాడు మామయ్య.

నేను సగమే విన్నాను. వీధిలోని పిల్లలందర్నీ పిలిచి నీలం పిల్లను చూపించటంతోనే నాకు సరిపోయింది.

మూడు పిల్లలను స్నేహితులకు ఇచ్చి, నీలం పిల్లనూ ఆకుపచ్చది ఒకదాన్నీ ఉంచుకున్నాను. ఏడాది తిరిగేసరికి నీలంది ఆడదనీ, ఆకుపచ్చది మగదనీ తెలిసింది. వీటిలో మగదానికి ముక్కు మొదలు నీలంగా ఉంటుంది, ఆడదానికి గోధుమరంగుగా ఉంటుంది. రెండూ ఒకదాన్ని విడిచి ఒకటి ఉండేవి కావు. ఇంకేం, ముంత కట్టాను. ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. అవి తోడబుట్టినవన్న సంగతే నాకు గుర్తు రాలేదు.

ఈసారీ అయిదు గుడ్లే. రెండింటిలో పిల్ల పడనే లేదు. ఒక పిల్ల గుడ్డులోనే పోయింది. ఇంకొకటి మూడోనాడు పోయింది. మిగిలిన దానికి కాళ్ళు నిలవలేదు. అది 12 రోజులు బతికింది. ఆ ఉదయం మా అమ్మే దాన్ని తీసి జామచెట్టు కింద పూడ్చిపెట్టింది. నాకు చెయ్యి రాలేదు.

కొర్రలు బాగాలేవేమోనని మార్చాం. ముంత మార్చాం. రెండో విడతా అంతే.

మామయ్య వచ్చి చూసి, "జత కట్టేముందు వీటి గోత్రం అడిగావుట్రా?" అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు.

అప్పుడాయన చెప్పినది మీకూ చెబుతాను. మీ దగ్గర ఒకే పాఠ్యపుస్తకం ప్రతులు రెండున్నాయనుకోండి. ఒకదానిలో పేజీ చిరిగినా రెండోదానిలో చదువుకోవచ్చు. చాలా ప్రాణులకు తమ శరీరం ఎలా తయారు కావాలో చెప్పే ప్రతులు ఇలాగే రెండుంటాయి, తల్లి ఇచ్చింది ఒకటి, తండ్రి ఇచ్చింది ఒకటి. చిరుగు లేని ప్రతులు ఎక్కడా ఉండవు. కాని తల్లీ తండ్రీ వేరు వేరు వంశాలవైతే, ఇద్దరిలోనూ అదే పేజీ చిరిగి ఉండటం అరుదు. తోడబుట్టినవాటి ప్రతులు ఒకే ఇంటివి. చిరిగిన పేజీ రెండువైపులనుంచీ వచ్చిందంటే ఆ పిల్ల ఏం చూసి చదువుకుంటుంది? నేను మురిసిపోయిన నీలం రంగు వచ్చిన దారి అదే. కాళ్ళు నిలవకపోవటమూ ఆ దారినే వచ్చి ఉండవచ్చు.

"అయితే ఒక్క జతను చూసి ఇదే కారణమని గట్టిగా చెప్పలేం. చలీ, జబ్బూ కూడా పిల్లలను చంపుతాయి. కాని తెలిసి తెలిసి ప్రమాదం ఎందుకు తెచ్చుకోవాలి?" అన్నాడు మామయ్య.

మీలో ఒకరు, "మరి హామ్‌స్టర్ల మాటేమిటి?" అనవచ్చు. 1930లో సిరియాలోని అలెప్పో దగ్గర ఇజ్రాయెల్ అహరోనీ అనే శాస్త్రజ్ఞుడికి ఒక తల్లీ 11 పిల్లలూ దొరికాయి. వాటిలో బతికినవి కొన్నే. వేరే జత లేక తోడబుట్టినవాటినే జతచేశారు. ఇప్పుడు ఇళ్ళలో పెంచే బంగారు హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ సంతతే. నిజమే, కాని అప్పుడు గత్యంతరం లేదు. నాకు ఊరినిండా చిలకలున్నాయి!

మా బజారులో పక్షులు అమ్మేవాడు, "ఇది వేరే పంజరంలోది, తీసుకో బాబూ," అన్నాడు. నేను తెచ్చేసేవాణ్ణే. గుచ్చి గుచ్చి అడిగితే రెండు పంజరాల పక్షులూ ఒకే ఇంటినుంచి వచ్చాయని తేలింది. మా మొదటి జతా అక్కడిదేనట! చివరకు మామయ్య తన ఊళ్ళో పెంచేవాళ్ళ దగ్గర, తల్లిదండ్రులను కళ్ళారా చూసి, ఒక మగపిల్లను తెచ్చాడు. జబ్బులేమైనా ఉంటే తెలుస్తాయని నెలరోజులు దాన్ని విడిగా ఉంచాం. నీలందానికి ఈసారి అయిదు గుడ్లలో నాలుగు పిల్లలై, నాలుగూ ఎగిరాయి.

అప్పణ్ణించి ఒక నోటు పుస్తకం పెట్టాను. ప్రతి పిల్లకూ ఒక పేజీ, అందులో తల్లి, తండ్రి, పుట్టిన తేదీ. ఎవరికైనా పిల్లను ఇస్తే ఆ వివరాలు చీటీ మీద రాసి ఇచ్చేవాణ్ణి. కొందరు నవ్వేవాళ్ళు.

రెండేళ్ళ తరవాత పక్కవీధి అమ్మాయి ఒకతె నలిగిపోయిన ఆ చీటీ పట్టుకుని వచ్చింది. తన చిలకకు జత కావాలట. చీటీ చూశాను, పుస్తకం చూశాను. పంజరం నిండా చిలకలున్నా ఒక్కటీ ఇవ్వలేదు. మామయ్య చిరునామా రాసి ఇచ్చాను.