తామరకి రాసే ట్యూబు

గజ్జల్లో తామర వస్తే డాక్టరుకి చూపించడానికి సిగ్గు. మందుల షాపుకెళ్లి "అన్నా, దురదకి ఏదైనా క్రీమ్ ఇవ్వు" అంటారు. చేతికొచ్చేది తరచూ మూడు నాలుగు మందులు కలిపిన ట్యూబు. అందులో క్లోబెటాసాల్ అనే స్టెరాయిడ్ ఉంటే దురద చప్పున తగ్గుతుంది. ఫంగస్ మాత్రం తగ్గదు. స్టెరాయిడ్ అక్కడి చర్మం రోగనిరోధక శక్తిని అణిచేస్తే ఫంగస్ హాయిగా పాకుతుంది, గుండ్రటి అంచు చెరిగిపోయి డాక్టరుకే గుర్తుపట్టడం కష్టమవుతుంది.

అలాగని స్టెరాయిడ్ అంటేనే హడలిపోకండి. పసిపిల్లల ఎగ్జిమాకి 1 శాతం హైడ్రోకార్టిసోన్ లాంటి తేలికపాటిది, డాక్టరు చెప్పినన్ని రోజులు రాస్తే చక్కగా పనిచేస్తుంది. పెద్దవాళ్ల చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము, అది వాళ్ల రెండు అరచేతులంత చోటికి సరిపోతుంది. భయంతో ఆ కాస్తా రాయక, పిల్ల రాత్రంతా గోక్కుంటుంటే చూస్తూ కూర్చునే తల్లుల్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

తెల్లబడతామని బెటామెథాసోన్ అనే స్టెరాయిడ్ రోజూ మొహానికి పూసుకునే అమ్మాయిలు మరోపక్క. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడి సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, మానేస్తే మంట.

ట్యూబు మీద చిన్నక్షరాల్లో క్లోబెటాసాల్, బెటామెథాసోన్, మొమెటాసోన్ అని కనిపిస్తే, ముందు చర్మం డాక్టర్ని అడగండి.