నల్లా బిల్లు లెక్క

హైదరాబాద్‌లో టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తే అద్దె గురించీ అడ్వాన్స్ గురించీ చాలాసేపు బేరం నడుస్తుంది. నీళ్ళ సంగతి మాత్రం ఒక్క ముక్కలో అయిపోతుంది: "నల్లా బిల్లు అందరూ పంచుకోవాలి." ఆ పంచుకోవడం ఎంత కష్టమో మూడు పోర్షన్ల ఇంట్లో అద్దెకున్నప్పుడు నాకు తెలిసొచ్చింది.

ఇంటికంతటికీ కనెక్షన్ ఒక్కటే, మీటరూ ఒక్కటే. జలమండలి నీళ్ళు ముందు సంపులోకి దిగుతాయి. మోటారు వేస్తే పై ట్యాంకుకి ఎక్కుతాయి. సంపులోకి ఎన్ని దిగాయన్నదే మీటరు చెబుతుంది, ఏ పోర్షన్‌లో ఎన్ని పోయాయో చెప్పదు. అందుకే తలకింత అని వేసేవారు మా ఓనర్ ఆంటీ. మా అత్తగారు ఊరినుంచి వచ్చి ఉన్న నెలలో బిల్లు పెరిగింది. "మీ ఇంట్లో మనిషి పెరిగారు కదమ్మా, కాస్త ఎక్కువ వేసుకోండి" అన్నారావిడ. అది విన్న దగ్గర్నుంచీ అత్తయ్య స్నానానికి సగం బకెట్టే పట్టుకునేవారు. డబ్బు కన్నా అదే నన్ను బాధపెట్టింది.

నీళ్ళొచ్చే రోజున ఆంటీని పిలిచి, గేటు పక్క గుంత మీద మూత తీశాను. మీటరులో నల్ల అంకెలు కిలోలీటర్లు, ఎర్రవి లీటర్లు. పక్కన చిన్న చక్రం, నీళ్ళు కదిలినంతసేపూ తిరుగుతుంది. సంపు నిండిపోయింది, చక్రం మాత్రం ఆగలేదు. ఫ్లోట్ వాల్వు చెడిపోయి నీళ్ళన్నీ ఓవర్‌ఫ్లో పైపులోంచి డ్రైనేజీలోకి పోతున్నాయి. ఆంటీ ఏమీ అనలేదు. ప్లంబర్‌ని పిలిపించి, ఆ నెల పెరిగిన మొత్తం తనే పెట్టుకున్నారు. అప్పటినుంచి ప్రతి నెలా రీడింగ్ ఇద్దరం కలిసే చూసేవాళ్ళం.

ఓనర్ల భయం కూడా ఉత్తది కాదు. బకాయి పడితే ఖాళీ చేసినవాళ్ళ వెంట పోదు, కనెక్షన్‌కే అంటుకుని ఉంటుంది. అయితే నగరంలో 2021 జనవరి నుంచి ఇళ్ళకు నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం, ఆధార్ అనుసంధానమై, మీటరు పనిచేస్తుంటే. బిల్లు సున్నా వచ్చినా నీళ్ళ పేరు చెప్పి నెలనెలా వసూలు చేయడం అన్యాయం. మోటారు కరెంటుకు కావాలంటే ఆ పేరుతోనే అడగాలి.

అసలు ఖర్చు వేసవిలో. బోరు ఎండితే ట్యాంకర్ తెప్పించాలి, అది ఏ మీటరుకూ ఎక్కదు. అగ్రిమెంట్‌లో దాని ఊసే ఉండదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలంటుంది, గొడవొచ్చిందని ఓనరు నీళ్ళు ఆపకూడదంటుంది. కానీ రాష్ట్రాలు దాన్ని తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. అందుకని నేను ఇప్పుడు ఏ ఇంట్లో దిగినా చేరిన రోజు రీడింగ్, ట్యాంకర్‌లో ఎవరి వాటా ఎంత, లీకేజీ రిపేరు ఎవరిది, ఈ మూడూ రాయించుకుంటాను. చుట్టాలొస్తే లెక్క మారదని కూడా. వాచ్‌మన్ కుటుంబం వాడుకునే నీళ్ళు మాత్రం ఓనరే భరించాలంటాను, దాని మీద ఇంకా ఎవరితోనూ ఒప్పందం కుదరలేదు.